వరదకు, ఎద్దడికి ముందుచూపే రక్ష – డాక్టర్ కె.ఎల్. రావు జీవిత విశేషాలు

మంగళగిరి, జూలై 15: నీటిపారుదల ఇంజనీరుగా, కేంద్ర మంత్రిగా దేశ ప్రజలకు సుపరిచితులైన డాక్టర్ కానూరి లక్ష్మణరావు 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో జన్మించారు. చిన్ననాడు బడిలో ఆడుకుంటుండగా గాయపడి ఒక కంటి చూపు కోల్పోయినా చదువు మానలేదు. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఉన్నత పట్టా పొంది, 1939లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేట్ అందుకున్నారు. అనంతరం కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ల విభాగపు ఉన్నత బాధ్యతలు నిర్వహించారు. నాగార్జునసాగర్‌ను రాతికట్టడంగా నిర్మించడంలో ఆయన కృషి చిరస్మరణీయమైనది.

1963లో పద్మభూషణ్ పురస్కారం పొందారు. 1962 నుండి 1977 వరకు విజయవాడ లోక్‌సభ సభ్యులుగా వ్యవహరించారు. 1963 నుండి దాదాపు పదేళ్లు కేంద్ర మంత్రివర్గంలో నీటిపారుదల బాధ్యతలు చూశారు. ఒకచోట వరద, మరొకచోట కరువు ఉన్న దేశంలో మిగులు జలాలను తరలించాలన్న ఆశయంతో 1972లో 2,640 కిలోమీటర్ల గంగా–కావేరి అనుసంధానాన్ని ప్రతిపాదించారు. నీటిని ఎత్తిపోయడానికి భారీగా విద్యుత్ అవసరం కావడం, వ్యయం అధికం కావడం వలన అది అమలుకు నోచుకోలేదు. అయినా నదుల అనుసంధానంపై జాతీయ స్థాయి చర్చకు అది నాంది అయింది. ఆయన 1986లో పరమపదించారు.

1952లో విజయవాడ వద్ద పాత ఆనకట్టకు గండి పడగా, దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ సిద్ధమైంది. విజయవాడకు, మంగళగిరి నియోజకవర్గంలోని సీతానగరానికి నడుమ ఉన్న ఈ బ్యారేజీలో నిల్వ సామర్థ్యం సుమారు 3 టి.ఎం.సి.లు మాత్రమే. సాగర్ దిగువన వచ్చి చేరే వరదను పట్టి ఉంచేందుకు, 13 లక్షల ఎకరాల డెల్టాకు సకాలంలో నారుమడుల నీరు అందించేందుకు 45.77 టి.ఎం.సి.ల పులిచింతల ప్రాజెక్టు చేపట్టబడింది. 2013 డిసెంబరులో ప్రారంభమైన ఆ జలాశయానికి డాక్టర్ కె.ఎల్. రావు సాగర్ అని నామకరణం చేశారు. దానికోసం ముంపు గ్రామాల ప్రజలు తమ ఇళ్లు, భూములు వదులుకున్నారు.

అయితే జలాశయం నిర్మించినంత మాత్రాన బాధ్యత తీరదు. 2021 ఆగస్టులో పులిచింతల గేటు ఒకటి కొట్టుకుపోయింది. పులిచింతలకు దిగువన మునేరు వంటి ఉపనదులు కృష్ణలో కలుస్తాయి. 2024 సెప్టెంబరులో బ్యారేజీ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదు కాగా, అదే సమయంలో బుడమేరు పొంగి విజయవాడ లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి. బ్యారేజీ వద్ద 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షల క్యూసెక్కులకు రెండవ ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. ఈ రెండు హెచ్చరికల నడుమ లభించే వ్యవధిలోనే లంక గ్రామాల ప్రజలను, పశువులను తరలించవలసి ఉంటుంది.

వేసవిలోనే గేట్లకు మరమ్మతులు, కరకట్టలకు పటిష్టత, కాలువలకు పూడికతీత పూర్తి చేయడమే నీటిని నమ్ముకుని జీవించిన ఆ ఇంజనీరుకు అర్పించగల నిజమైన నివాళి.