లువాండాలో వదులుకున్న ఓడ

తెగిన పోగును అతికే పనికి ఎంత ఓపిక కావాలో ధర్మవరం నేతన్నలకు చెప్పనక్కర్లేదు. స్కాట్లాండ్‌లో డేవిడ్ లివింగ్‌స్టన్ పదేళ్లకే నూలు మిల్లులో ఆ పనికి కుదిరాడు. మరమీద పుస్తకం ఆనించుకుని చదివి వైద్యుడయ్యాడు. మన గుత్తిలో సేవ చేసిన లండన్ మిషనే ఆయన్ను 1840లో ఆఫ్రికాకు పంపింది.

1853 నవంబరులో 27 మంది ఆఫ్రికన్ సహచరులతో లిన్యాంటి నుంచి బయల్దేరి, జాంబెజీ నదిలో పడవలపై ఎగువకు సాగాడు. ఏటా ఆ నది పొంగి బరోట్సే మైదానాన్ని ముంచెత్తుతుంది. అందుకే ఊళ్లన్నీ మట్టిదిబ్బల మీదే. హిందూపురం, పెనుకొండ ప్రాంతాల్లో ఎండిన పెన్నను చూసిన మన కళ్లకు అది వింతే! గట్ల వెంట దున్నల, జింకల మందలు, మడుగుల్లో నీటిగుర్రాలు.

జ్వరం మాత్రం ఆయన్ను వదల్లేదు. 1854 మే 31న లువాండా తీరం చేరేసరికి చిక్కి శల్యమయ్యాడు. స్వదేశానికి ఓడలో తీసుకెళ్తామని ఆంగ్లేయ నావికాధికారులు ముందుకొచ్చారు. భార్యాబిడ్డలను చూసి రెండేళ్లు దాటింది. కానీ సహచరులను తిరిగి ఇల్లు చేరుస్తానని మాటిచ్చి ఉన్నాడు. ఓడెక్కలేదు. ఆయన ప్రసంగాలకన్నా ఈ నిర్ణయమే నాకు పెద్ద సువార్తగా తోస్తుంది. ఆయన ఉత్తరాలు, పటాలు తీసుకెళ్లిన ఓడ మడైరా దగ్గర మునిగిపోయింది.

1855 సెప్టెంబరులో లిన్యాంటి చేరారు. 27 మందీ ప్రాణాలతో వచ్చారు. ఇక రారనుకుని కొందరి భార్యలు అప్పటికే మారుమనువు చేసుకున్నారు.