విల్‌హెల్మ్ మేబాక్

ఇంధనం ఉన్నంత మాత్రాన యంత్రం నడవదు. అది గాలితో తగిన పాళ్ళలో కలిసినప్పుడే శక్తిగా మారుతుంది. ఆ కలయికను సాధించే చిన్న పరికరమే కార్బురేటర్. దానికి ఆధునిక రూపమిచ్చిన వారిలో అగ్రగణ్యుడు జర్మనీ దేశీయుడైన విల్‌హెల్మ్ మేబాక్.

మేబాక్ 1846 ఫిబ్రవరి 9న హైల్‌బ్రాన్ పట్టణంలో ఒక వడ్రంగి ఇంట జన్మించారు. పదేళ్ళ ప్రాయంలోనే తల్లిదండ్రులను కోల్పోయిన ఆ బాలునికి రాయిట్‌లింగెన్‌లోని అనాథాశ్రమం ఆశ్రయమిచ్చింది. అక్కడి కర్మాగారంలో ఆయన యంత్రవిద్యను, చిత్రలేఖనాన్ని అభ్యసించారు. ఆ కర్మాగారానికి నిర్వాహకుడుగా వచ్చిన గాట్‌లీబ్ డైమ్లర్, తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన మేబాక్ ప్రతిభను గుర్తించారు. నాటి నుండి డైమ్లర్ మరణించేవరకు వారి స్నేహం చెక్కుచెదరలేదు.

1882లో మిత్రులిద్దరూ కాన్‌స్టాట్‌లోని డైమ్లర్ ఇంటి తోటలో ఉన్న మొక్కల గృహాన్నే ప్రయోగశాలగా మార్చుకున్నారు. రేయింబవళ్ళు తలుపులు మూసి పనిచేస్తుంటే, తోటమాలి వారిని దొంగనాణేలు ముద్రించేవారని అనుమానించి పోలీసులకు తెలిపాడు. సోదాలో దొరికినవి ఇంజను భాగాలు, పనిముట్లు మాత్రమే! 1885లో అక్కడే 264 ఘనపు సెంటీమీటర్ల ఇంజనుతో, కొయ్య చట్రంతో తొలి మోటారు సైకిలు రూపుదిద్దుకుంది. దాని శక్తి అర అశ్వశక్తి మాత్రమే.

ఆనాటి కార్బురేటర్‌లో గాలి పెట్రోలును తాకుతూ సాగి, దాని ఆవిరిని మోసుకుపోయేది. పెట్రోలులోని తేలిక భాగం ముందుగా ఆవిరైపోగా బరువైన భాగం మిగిలేది. అందువల్ల మిశ్రమం నిలకడగా ఉండేది కాదు. మేబాక్ దీనికి పరిష్కారం ఆలోచించారు. పెట్రోలు గిన్నెలో ఒక తేలుడు బిళ్ళను అమర్చి ఇంధన మట్టాన్ని స్థిరపరచారు. ఇరుకు మార్గంలో వేగంగా వీచే గాలి, సన్నని రంధ్రం గుండా పెట్రోలును తుంపరలుగా పీల్చుకునేటట్లు చేశారు. ఇది 1893 నాటి మాట. అదే కాలంలో హంగేరీలో బాంకీ, చోంకా అనే ఇంజనీర్లు కూడా ఇటువంటి పరికరాన్నే రూపొందించారు.

కార్బురేటర్ ఉన్న మోటారు సైకిలును ఇంటివద్ద సరిచేసుకునేవారు నేటికీ ఈ సూత్రాన్నే ఆచరిస్తారు. బరువులో ఒక పాలు పెట్రోలుకు సుమారు పదిహేను పాళ్ళ గాలి కావాలి. పెట్రోలు ఎక్కువైతే పొగ నల్లబడి, స్పార్క్ ప్లగ్‌కు మసి పడుతుంది. తక్కువైతే ఇంజను వేడెక్కి తడబడుతుంది. అందుచేత ముందుగా గాలి వడపోతను శుభ్రపరచి, ఇంజను వేడెక్కిన పిమ్మట మిశ్రమపు మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, నడక సాఫీ అయినచోట ఆపుతారు. ఇక్కడ తొందర పనికిరాదు. చెవి, ఓర్పు రెండూ కావాలి.

1900లో డైమ్లర్ కన్నుమూశారు. ఆ తరువాత మేబాక్ రూపొందించిన 35 అశ్వశక్తుల మెర్సిడెస్ కారు 1901లో నీస్ పోటీలలో విజయం సాధించింది. అయినా సంస్థలో ఆయన ప్రాధాన్యం క్రమంగా తగ్గింది. 1907లో ఆయన దానిని వీడారు. అరవై ఏళ్ళు పైబడినా నిరాశ చెందక, కుమారుడు కార్ల్‌తో కలిసి ఆకాశనౌకలకు ఇంజన్లు నిర్మించే పనికి పూనుకున్నారు. 1929 డిసెంబరు 29న పరమపదించారు.

భారతదేశంలో 2020లో అమలులోకి వచ్చిన కాలుష్య నిబంధనల వల్ల కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటర్ స్థానాన్ని ఎలక్ట్రానిక్ విధానం చాలావరకు ఆక్రమించింది. పరికరం మారినా పాళ్ళ సూత్రం మారలేదు. అనాథగా జీవితం ఆరంభించిన ఒక బాలుడు ఓర్పుతో సాధించిన ఆ సూత్రం లోకానికి వేగాన్ని నేర్పింది.