పారిపోని అధ్యక్షుడు ఖాజీ మహమ్మద్

మేముండే నాష్‌విల్‌లో కుర్దుల జనాభా అమెరికాలో మరే ఊళ్లోనూ లేనంత ఎక్కువ. నోలెన్స్‌విల్ పైక్ మీది వాళ్ల దుకాణాలకు వేడి రొట్టెల కోసం, మాంసం కోసం మన తెలుగువాళ్లు కూడా వెళుతుంటారు. వాళ్లది ఏ దేశమో మాత్రం మనలో చాలామందికి తెలియదు. ఇరాకీలనో, టర్కీ వాళ్లనో అనేసుకుంటాం. మాకు పరిచయమున్న ఒక కుర్దు పెద్దాయన ఇంటి హాల్లో పాత ఫొటో ఒకటి చూశాను. తలకు తెల్లటి తలపాగా, ఒంటిమీద సైనికాధికారి కోటు. పొంతన లేని ఆ వేషం చూసి ఎవరని అడిగాను. ఆ తర్వాత విని, చదివి తెలుసుకున్న జీవితం ఇది.

ఆయన ఖాజీ మహమ్మద్. ఊరు ఇరాన్ వాయవ్య మూలన ఉన్న మహాబాద్. ఖాజీ అంటే మతన్యాయాధికారి. ఆ ఇంట్లో తరతరాలుగా వస్తున్న పదవి తండ్రి తర్వాత ఈయనకు వచ్చింది. తగవులు తీర్చేవాడు, చదువుకున్నవాడు, ఊరు మాట వినే మనిషి. తుపాకీ పట్టిన వీరుడు కాదు.

కుర్దులకు సొంత దేశం లేదు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల మధ్య వాళ్ల నేల నాలుగు ముక్కలుగా ఉంది. ఇరాన్‌ను ఏలిన రెజా షా దేశమంతా ఒకే భాష, ఒకే వేషం ఉండాలన్న పట్టుదల మనిషి. బళ్లో పారశీకమే చెప్పాలి. కుర్దు దుస్తులు వేసుకుని బయటికొస్తే నేరం. 1941లో ఇంగ్లండ్, సోవియట్ సేనలు ఇరాన్‌లోకి చొరబడి రెజా షాను గద్దె దించాయి. ఉత్తరాన రష్యన్లు, దక్షిణాన ఆంగ్లేయులు. మహాబాద్ ఆ ఇద్దరి మధ్య, టెహ్రాన్ చేయి అందని చోట పడింది. 1942లో అక్కడి యువకులు రహస్యంగా ఒక సంఘం పెట్టుకున్నారు. తర్వాత ఖాజీ అందులో చేరి నాయకుడయ్యారు. 1945లో అది కుర్దిస్తాన్ డెమోక్రటిక్ పార్టీగా మారింది.

1946 జనవరి 22న మహాబాద్ నడిబొడ్డున, చార్ చిరా అనే కూడలిలో జనం ముందు ఆయన కుర్దు రిపబ్లిక్‌ను ప్రకటించారు. చార్ చిరా అంటే నాలుగు దీపాలు. నేను ఫొటోలో చూసిన తలపాగా, కోటు ఆ కాలంనాటివే. ఖాజీ దేశాధ్యక్షుడు. ఆయన బంధువు సైఫ్ ఖాజీ యుద్ధమంత్రి. ఇరాక్ నుంచి తన మనుషులతో వచ్చిన ముల్లా ముస్తఫా బర్జానీ సైన్యానికి అండ.

ఆ రాజ్యం బతికింది పదకొండు నెలలు. మహాబాద్, చుట్టుపక్కల కొన్ని పట్టణాలు, అంతే. పెద్ద కుర్దు నగరం సనందజ్ కూడా అందులో లేదు. అయినా ఆ కొద్ది నెలల్లో చేసిన పని చూస్తే నాకు ఆశ్చర్యం వేస్తుంది. బళ్లలో పాఠాలు కుర్దు భాషలోకి మారాయి. సోవియట్ల నుంచి వచ్చిన అచ్చుయంత్రం మీద కుర్దిస్తాన్ పేరుతో పత్రిక వచ్చింది. ఆడపిల్లల చదువు మీద ఖాజీ ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టారు. హజార్, హేమిన్ అనే ఇద్దరు యువకవులకు జాతీయ కవులన్న గౌరవం దక్కింది. ఇక్కడ శనివారం తెలుగు తరగతికి నాలుగు వాచకాలు సమకూర్చుకోవడానికే మేం కిందామీదా పడుతుంటాం. చుట్టూ సైన్యాలుండగా ఒక చిన్న పట్టణం పిల్లల పుస్తకాల గురించి ఆలోచించడం చిన్న సంగతి కాదు.

లోపాలూ ఉన్నాయి. ఆ రాజ్యం నిలబడింది సోవియట్ల నీడలో. చాలామంది తెగనాయకులకు ఖాజీ మీద కంటే తమ భూముల మీద, టెహ్రాన్‌తో సంబంధాల మీదే ధ్యాస. మాస్కోకు కావలసింది ఉత్తర ఇరాన్ చమురు. 1946 ఏప్రిల్‌లో చమురు ఒప్పందం కుదిరింది, మే నెలకల్లా సోవియట్ సేనలు వెళ్లిపోయాయి. (ఆ ఒప్పందాన్ని మరుసటి ఏడు ఇరాన్ పార్లమెంటు కొట్టిపారేసింది, అది వేరే కథ.) పెద్ద దేశాన్ని నమ్ముకున్న చిన్న జాతికి ఏమవుతుందో ఖాజీ ఊహించలేదని నేననుకోను. వేరే దారి కనబడలేదంతే.

డిసెంబరులో ఇరాన్ సైన్యం కదిలింది. పొరుగున తబ్రీజ్‌లో ఇలాగే ఏర్పడిన అజర్‌బైజాన్ ప్రభుత్వం కూలిపోయింది. దాని నాయకుడు పిషెవారీ సోవియట్ గడ్డ మీదికి పారిపోయాడు. అక్కడ వీధుల్లో నెత్తురు పారింది. మహాబాద్‌కు ఆ గతి పట్టకూడదని ఖాజీ నిర్ణయించుకున్నారు. తమతో వచ్చేయమని బర్జానీ బతిమాలినా కదల్లేదు. ఊరిని వదిలి తాను వెళితే ఆ కోపం ఊరి మీద తీరుతుందన్నది ఆయన లెక్క. తానే ఎదురు వెళ్లి సైన్యానికి లొంగిపోయారు. మహాబాద్‌లో యుద్ధం జరగలేదు.

లొంగిపోయినందుకు కనికరం దొరకలేదు. కుర్దు అచ్చుయంత్రం మూసేశారు. కుర్దు చదువు నిషేధించారు. పుస్తకాలు తగలబెట్టారు. ఖాజీని, సైఫ్ ఖాజీని సైనిక న్యాయస్థానం ముందు నిలబెట్టారు. ఖాజీ తమ్ముడు సదర్ ఖాజీ టెహ్రాన్ పార్లమెంటులో సభ్యుడు, ప్రభుత్వానికీ అన్నకూ మధ్య రాయబారం నడిపినవాడు. ఆయన్నీ రాజధానిలో పట్టుకుని మహాబాద్ తీసుకొచ్చారు. రాయబారిని కూడా వదలకపోవడం చూస్తే అది న్యాయవిచారణ కాదని, మరొకరు తలెత్తకుండా చేసిన హెచ్చరిక అని నాకనిపిస్తుంది. 1947 మార్చి 31న తెల్లవారకముందే ముగ్గురినీ ఉరి తీశారు. చోటు కూడా ఏరికోరి ఎంచారు. రిపబ్లిక్‌ను ప్రకటించిన ఆ చార్ చిరా కూడలిలోనే.

బర్జానీ దాదాపు 500 మందితో కొండలు దాటి, పోరాడుతూ సోవియట్ యూనియన్ చేరాడు. మళ్లీ ఇరాక్ గడ్డ తొక్కింది 1958లో. మహాబాద్‌లో పనిచేసి తిరిగొచ్చిన నలుగురు కుర్దు సైనికాధికారులను బాగ్దాద్ ప్రభుత్వం అదే 1947 జూన్‌లో ఉరి తీసింది. ఇరాన్, ఇరాక్‌లకు మిగతా విషయాల్లో ఎంత పడకపోయినా కుర్దుల దగ్గరికొచ్చేసరికి తీరు ఒకటే.

షా పోయి 1979లో మతపెద్దల పాలన వచ్చాక కూడా కుర్దుల ఊళ్ల మీదికి సైన్యం వెళ్లింది. ఖాజీ పార్టీ నాయకుడు కాసిమ్లూను 1989లో వియన్నాలో చర్చలకని కూర్చోబెట్టి కాల్చి చంపారు. 2022లో టెహ్రాన్‌లో పోలీసుల నిర్బంధంలో ప్రాణం పోగొట్టుకున్న మహ్సా అమీనీది సక్కేజ్, మహాబాద్‌కు దక్షిణాన ఉన్న మరో కుర్దు పట్టణం.

ఖాజీ కూతురు ఎఫత్ స్వీడన్‌లో స్థిరపడ్డారు. 1990 సెప్టెంబరులో వాస్తెరోస్ పట్టణంలోని ఆమె ఇంటికి టపాలో ఒక కవరు వచ్చింది. అది ఆమె భర్తను ఉద్దేశించి పంపినది. ఆమె విప్పారు. లోపల బాంబు ఉంది.