కొమర్రాజు లక్ష్మణరావు గారు: అందరికీ అందవలసిన చదువు

పాతబస్తీ బడిలో చదువుకున్న మనలో తెలుగు పుస్తకాల మీద మోజు పుట్టినవాళ్లు నయాపూల్ దాటి సుల్తాన్ బజార్ వెళ్లక తప్పేది కాదు. అక్కడి శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయంలో బల్ల ముందు కూర్చుని చదివినవారు ఈ సంచిక పాఠకుల్లోనూ కొందరుంటారు. ఆ నిలయాన్ని నెలకొల్పినవారిలో ముఖ్యులు కొమర్రాజు వేంకట లక్ష్మణరావు గారు.

ఆయన 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. పసితనంలోనే తండ్రి పోయారు. అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావు గార్ల దగ్గర నాగపూర్‌లో పెరిగి పెద్ద చదువులు చదివారు. మరాఠీలో వ్యాసాలు రాసేటంత పట్టు సాధించారు. బడికి వెళ్లే వీలు లేని అక్క, తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని తెలుగు, హిందీ నేర్చుకున్నారు. తర్వాత ఆమె తెలుగులో తొలి కథకుల్లో ఒకరయ్యారు, 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు. ఆయన తొలి శిష్యురాలు ఆమే అనుకుంటాను. సంస్థలన్నీ ఆ తర్వాత వచ్చినవే.

మరాఠీలో చరిత్ర, శాస్త్ర గ్రంథాలు చదివిన మనిషికి తెలుగులో ఆ లోటు కొట్టొచ్చినట్టు కనిపించి ఉండాలి. మనకు కావ్యాలు, శతకాలు దండిగా ఉన్నాయి. పదార్థవిజ్ఞానమో, జీవశాస్త్రమో తెలుసుకోవాలంటే మాత్రం ఇంగ్లీషు రావాలి. రానివాడి గతి ఏమిటి? ఆయన జీవితమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మునగాల రాజా నాయని వెంకటరంగారావు గారి దగ్గర దివానుగా ఉంటూ, ఆయనతోనూ రావిచెట్టు రంగారావు గారితోనూ కలిసి 1901 సెప్టెంబరు 1న నిలయం ప్రారంభించారు. మొదట అది రామకోటిలో రంగారావు గారి ఇంట్లోనే నడిచింది. నిజాం రాజ్యంలో రాజభాష ఉర్దూ. కచేరీలో తెలుగుతో పని లేదు, తెలుగు బడులు అరుదు. అటువంటి ఊళ్లో ఎవరైనా వచ్చి చదువుకోగల తెలుగు గ్రంథాలయం పెట్టడం చిన్న సాహసం కాదు. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయం వెలిసింది.

గ్రంథాలయం పెడితే చాలదు, అందులో పెట్టడానికి పుస్తకాలుండాలి గదా. 1906లో హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి మొదలైంది. దాని మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. తర్వాత మండలి మద్రాసుకు తరలింది. రసాయన, జీవ, పదార్థవిజ్ఞాన శాస్త్రాల మీద పుస్తకాలొచ్చాయి, చిలుకూరి వీరభద్రరావు గారి ఆంధ్రుల చరిత్ర వచ్చింది. సైన్సు చెప్పడానికి తెలుగులో మాటలే లేని రోజులవి. ఒక్కో మాటా వెతికి పెట్టుకుంటూ పోవాలి. తెలుగు మీడియంలో సైన్సు పాఠం చెప్పిన మన మాస్టార్లకు ఆ కష్టం వేరే చెప్పనక్కర్లేదు.

అది కూడా ఆయనకు తృప్తినివ్వలేదు. లోకంలోని విషయాలన్నీ అకారాది క్రమంలో తెలుగువాడికి అందించాలని ఆంధ్ర విజ్ఞానసర్వస్వం తలపెట్టారు. ఇంగ్లీషువాళ్లు ఎందరో పండితులను కూర్చోబెట్టి, బోలెడు డబ్బు పోసి చేయించే పని అది. ఈయన కొద్దిమంది సహాయకులతో, ఉబ్బసంతో బాధపడుతూ చేశారు. వాళ్లలో మల్లంపల్లి సోమశేఖరశర్మ గారొకరు, తర్వాత పెద్ద చరిత్రకారులయ్యారు. మూడు సంపుటాలు వచ్చాయి. మూడూ 'అ' అక్షరంతోనే నిండిపోయాయి. లెక్క చూసుకుంటే ఒక మనిషి ఆయుష్షుకు అందే పని కాదని ఆయనకు తెలియదా? తెలిసే ఉంటుంది.

మద్రాసులోని ఆయన ఇల్లు వేదవిలాస్ పండితులకు సత్రం లాంటిది. కందుకూరి వీరేశలింగం గారు 1919లో కన్నుమూసింది ఆ ఇంట్లోనే. నాలుగేళ్లకు, 1923 జులైలో, లక్ష్మణరావు గారూ అక్కడే పోయారు. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు.

1930లలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు విజ్ఞానసర్వస్వాన్ని మళ్లీ చేపట్టి సంపుటాలు వేశారు. పని పూర్తికాకుండానే 1938లో ఆయనా వెళ్లిపోయారు.