సుబ్బారావు మందులు రెండు... గర్భిణికి ఒక్కటే!

గర్భం అని తేలగానే మేం రాసే మొదటి మాత్ర ఫోలిక్ యాసిడ్. దాని వెనక ఓ తెలుగువాడి జీవితం ఉంది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. సోదరుణ్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కంటగింపయ్యారు. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు.

1923లో బోస్టన్ చేరారు. పూట గడవడానికి ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు కడిగారు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి రక్తం, మూత్రాల్లో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది. సోదరుణ్ని బలిగొన్న స్ప్రూకి అదే మందయింది. 1948లో అక్కడి నుంచే తొలి టెట్రాసైక్లిన్, ఆరియోమైసిన్ వచ్చింది. ఆ ఆగస్టులోనే, 53 ఏళ్లకు, ఆయన గుండెపోటుతో కన్నుమూశారు.

ఆ రెండు మందుల్లో గర్భిణికి పనికొచ్చేది ఒక్కటే. ఫోలిక్ యాసిడ్ బిడ్డ మెదడు, వెన్నుపాములో లోపాలు రాకుండా కాపాడుతుంది. టెట్రాసైక్లిన్ బిడ్డ పళ్లు, ఎముకలపై ప్రభావం చూపుతుంది. ఆ జాతిదే అయిన డాక్సీసైక్లిన్ ఇప్పటికీ చాలా ఇళ్ల మందుల డబ్బాల్లో ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు వాడే కోట్రైమాక్సజోల్ ఫోలిక్ యాసిడ్ పనికే అడ్డుపడుతుంది. అందుకే తొలి మూడు నెలల్లో దాన్ని సాధారణంగా ఇవ్వం.

మా ఓపీకి వచ్చే గర్భిణుల్లో కొందరు మూత్రంలో మంటను వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లతో ఊరుకుంటారు. కొందరు షాపులో అడిగి మాత్ర వేసుకుంటారు. రెండూ ప్రమాదమే. హార్మోన్ల వల్ల, గర్భసంచి ఒత్తిడి వల్ల మూత్రం నాళాల్లో నిలుస్తుంది. ఇన్ఫెక్షన్ కిడ్నీలకు ఎగబాకితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు. కొందరికి మంట కూడా ఉండదు. కాబట్టి తొలి నెలల్లోనే యూరిన్ కల్చర్ చేయించుకోండి. మొదట వచ్చే మూత్రాన్ని వదిలేసి, మధ్యలోది డబ్బాలో పట్టాలి.

రిపోర్టును, నెలలను బట్టి సెఫలెక్సిన్ వంటి మందును డాక్టరే ఎంచుతారు. మంట తగ్గినా కోర్సు మధ్యలో ఆపకూడదు. తర్వాత మళ్లీ కల్చర్ చేయించాలి. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు ఉంటే ఆ రోజే ఆస్పత్రికి రండి.

సుబ్బారావు ఇచ్చిన ఫోలిక్ యాసిడ్‌ను రోజూ మరవకండి. మిగతా ఏ మాత్రయినా అడిగాకే వేసుకోండి.