డాక్టరు హిల్డా లాజరస్ అమ్మగారు
ధ్యాన భాగము: నిర్గమకాండము 1:15-21

ప్రియులారా, ఫరో ఆజ్ఞకు వెరువక మగశిశువులను బ్రదుకనిచ్చిన షిఫ్రా, పూయా అను మంత్రసానులను మీరెరుగుదురు. వారి పనికే తన్ను సమర్పించుకొనిన మన తెలుగు సహోదరి హిల్డా మేరీ లాజరస్ అమ్మగారు.

వారు 1890లో విశాఖపట్టణమున క్రైస్తవ కుటుంబమున జన్మించిరి. మద్రాసులో వైద్యము చదివి, పిమ్మట లండను, డబ్లిను నగరములలో ప్రసూతి వైద్యమున ఉన్నత విద్య నేర్చిరి. 1917లో ఢిల్లీలోని లేడీ హార్డింజి ఆసుపత్రిలో పని మొదలుపెట్టిరి. మరుసటి యేటనే ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారి మన దేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొనెను. గర్భిణులు మరి యెక్కువగా నశించిరి. పురుష వైద్యునికి చేయి చూపుటకు అనేక స్త్రీలు సిగ్గుపడిన కాలమది. ఆ 1918లోనే ఐడా స్కడర్ దొరసానిగారు వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల తెరచిరి. 1947లో అమ్మగారు అచ్చటికి వెళ్లి, ఆ సంస్థకు మొదటి భారతీయ డైరెక్టరైరి. 1961లో పద్మశ్రీ పొంది, 1978లో ప్రభువునందు నిద్రించిరి.

అమ్మగారు వివాహమాడలేదు; స్కడర్ గారును అంతే. పెద్ద బాధ్యత వహింపగోరిన వైద్యురాలు ఆ దినములలో తరచుగా ఇల్లు, బిడ్డలు అను ఆశ విడువవలసివచ్చెను. పురుష వైద్యుని ఎవరును అట్లు అడుగలేదు. వారి త్యాగము ప్రభువునకు ఇష్టమైన అర్పణయే. అయితే లోకము బలవంతముగా కోరునది అర్పణ కాదు.

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ భారము తిరిగి కనబడెను. బడులు మూతపడగా, ఆసుపత్రి నుండి వచ్చిన తల్లి బిడ్డను ఎత్తుకొనుటకు జడిసెను. బిడ్డల చదువు, వంట ఆమెపైననే పడెను. ఆ నెలలలో పలు దేశములందు స్త్రీలు వ్రాసిన వైద్య పరిశోధనలు తగ్గెనని పండితులు గమనించిరి. పురుషుల కలము అంతగా ఆగలేదు.

మన కరీంనగరు, ఆదిలాబాదు పల్లెల నుండి రైలెక్కి, కాట్పాడిలో దిగి, వేలూరులో స్వస్థత పొందినవారు కలరు. అట్టి సేవకు మన కుమార్తెలను పంపుటకు సంతోషింతుము. కాని ఆమె డ్యూటీకి వెళ్లిన రాత్రి ఉయ్యాల ఊపువారెవరు? భర్త ఊపవలెను, అత్తగారు ఊపవలెను, సంఘమును తోడుండవలెను.

దేవుడు ఆ మంత్రసానుల పనిని మెచ్చి, వారికి కుటుంబములను ఇచ్చెను. పని కొరకు ఇంటిని తీసివేయలేదు, ఇంటి కొరకు పనిని మాన్పింపలేదు. మనమును అట్లే చేయుదుము గాక.

ప్రార్థన: ప్రభువా, రోగులను సేవించు తల్లుల భారమును మాకును పంచుము. ఆమేన్.