ఆలస్యంగా వచ్చిన నీలం



ఇంటర్ చదివే మీ పిల్లలు ల్యాబ్ నుంచి ఇంటికొచ్చి, ఒక్క చుక్క ఎక్కువ పడి టైట్రేషన్ పోయిందని ఎప్పుడైనా దిగులుపడ్డారా? ఒక్క చుక్కకి ఇంత బాధా అని నవ్వకండి. ఫ్లాస్క్‌లో ఆమ్లం, అందులో రెండు చుక్కల ఫినాల్ఫ్తలీన్, పైన బ్యూరెట్ నుంచి దిగే క్షారం. చాలాసేపు ఏ రంగూ నిలవదు. ఆఖర్న ఒక్క చుక్కకి లేత గులాబీ వస్తుంది. అర నిమిషం చెదరకుండా ఉంటే అక్కడే ఆపాలి. మరో చుక్క పడితే రంగు ముదురుతుంది, లెక్క తప్పుతుంది. మిథైల్ ఆరెంజ్‌తో ఇంకా చిక్కు. పసుపు ఎక్కడ నారింజకి తిరిగిందో పట్టుకోవడానికి ఫ్లాస్క్ కింద తెల్ల కాగితం పెట్టుకుని మరీ చూడాలి.

రంగు చూసి లెక్క చెప్పే పనిలో ప్రపంచానికి ఒక పద్ధతినే ఇచ్చిన మనిషి మన పక్క ఊళ్లోనే పుట్టారు. పాలకొల్లులో బస్సెక్కితే వీరవాసరం మీదుగా గంటలోపు చేరే భీమవరంలో, 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.

ఆయన చిన్నప్పుడు చదువులో ముందున్నవారేం కాదు. పదమూడో ఏట, కాశీ వెళ్లి యాత్రికులకి అరటిపళ్లు అమ్మి సంపాదిద్దామని ఇంట్లోంచి బయల్దేరితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెప్పించారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. (ఈ సంగతి పిల్లల ముందు ఎత్తడానికి కొందరు జంకుతారు. మాకైతే తప్పకుండా చెప్పాలనిపిస్తుంది.) మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడికి కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ దక్కలేదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. స్ప్రూ అనే పేగు జబ్బు సొంత అన్నదమ్ముల్నే తీసుకుపోయింది. 1922లో మామగారి సాయంతో అమెరికా చేరి, రాత్రిళ్లు ఆసుపత్రిలో కూలిపని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి తయారుచేసి, 1925లో ప్రచురించారు. ఇది ఆమ్ల క్షారాల టైట్రేషన్ కాదు గానీ, కంటికి పెట్టే పరీక్ష ఒక్కటే. ద్రవంలో మాలిబ్డేట్, ఇంకో రసాయనం కలిపితే నీలం వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. ఒక గిన్నెలో లెక్క తెలిసిన నీలం, పక్క గిన్నెలో తెలియనిది పెట్టి, కలరీమీటర్ కటకంలోంచి చూస్తూ రెండూ ఒకే ఛాయలోకి వచ్చేదాకా సర్దాలి.

అసలు కథ ఇక్కడుంది. మామూలు ద్రవంలో కొద్ది నిమిషాల్లో నిండుగా వచ్చే నీలం, కండరం నుంచి తీసిన ద్రవంలో మాత్రం మెల్లమెల్లగా ముదురుతోంది. ఇలాంటప్పుడు మన పిల్లల్లో చాలామంది ఏం చేస్తారో మీకూ తెలుసు: పక్కవాడి రీడింగుకి దగ్గరగా ఒక అంకె రాసేస్తారు. మార్కుల తొందరలో మనమే అలా నేర్పుతున్నామేమో. సుబ్బారావు గారు, ఫిస్కే ఆ ఆలస్యాన్ని వదిలిపెట్టలేదు. కండరంలో భాస్వరం విడిగా కాక, తేలిగ్గా విరిగే ఒక పదార్థంలో కట్టుబడి ఉందనీ, అది ఆమ్లంలో విరిగేకొద్దీ నీలం వస్తోందనీ తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927. అదే ఏడాది ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులు కూడా విడిగా దాని జాడ పట్టారు. 1929లో, మన ఒంట్లో ప్రతి కణానికీ శక్తినిచ్చే ఏటీపీని కూడా ఈ ఇద్దరే కండరంలోంచి వేరుచేశారు.

ఇంత చేసినా హార్వర్డ్ శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ముల్ని పొట్టనబెట్టుకున్న స్ప్రూకి అది మందయింది. బోదకాలు మందు హెట్రజాన్ కూడా అక్కడిదే. ఇప్పుడు డీఈసీ పేరుతో ఆరోగ్య కార్యకర్తలు గడప గడపకీ తెచ్చిచ్చే మాత్ర అదే.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, అమెరికాలోనే కన్నుమూశారు. వెళ్లినవారు మళ్లీ భీమవరం రాలేదు. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి మాత్రం బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఇప్పటికీ నేర్పుతున్నారు. ఆ నీలాన్ని ఇప్పుడు కంటికి బదులు యంత్రం చదువుతోంది.